కార్తీకం వెళ్లాక వస్తాను

విజయనగరం,
9 నవంబరు 2018

అత్తకి రేఖ నమస్కారాలు.

కాలి వాపు తగ్గిందా? ఫోన్ చేస్తే నీకు వినబడదు. నేను అరిచి చెప్తే పక్కింటివాళ్లు మా ఆయనతో పోట్లాడుతున్నాననుకుంటారు. అందుకని మళ్లీ కాగితమే గతి. మొన్న మా పోస్ట్‌మాన్ అన్నాడు, ఈ వీధిలో కరెంటు బిల్లు కాకుండా కాగితం అందుకునేది మీరొక్కరేనమ్మా అని.

అసలు సంగతికొస్తాను. ఇంటర్నెట్లో 'పెరటి ముచ్చట్లు' అనే ఫోరంలో మొక్కల గురించి రాస్తుంటానని చెప్పాను కదా. రచ్చబండ లాంటిదే అనుకో, కూర్చున్నవాళ్ల మొహాలు మాత్రం కనబడవు. ఒకరు ఆకుముడతకి ఏం చెయ్యాలంటారు, ఇంకొకరు వేపనూనె కొట్టమంటారు. ఆ మాటల్లోనే ఏళ్లు గడిచిపోయాయి. అక్కడ కళింగపట్నం గిరిబాబు గారని ఒకాయన ఉన్నారు. చేపల వ్యాపారం. చేపలు ఎగుమతి చేసే థర్మాకోల్ పెట్టెలు విరిగిపోతే వాటిలో మట్టి నింపి, ఆ ఉప్పుగాలిలోనే వంగ, మిరప, పూలమొక్కలు పెంచారు. నాకోసారి మల్లె కొమ్మ ఒకటి తడి గోనెముక్కలో చుట్టి పోస్టులో పంపారు. మా మెట్ల పక్కన చూసి 'ఇంత బొద్దు మల్లె ఎక్కడిదే' అన్నావు చూడు, అదే.

దాని తల్లిమొక్క ఆయన భార్య దుర్గ గారి పుట్టింటిది. కాపురానికి వస్తుంటే భావనపాడులో వాళ్లమ్మ ఒడిలో పెట్టి పంపిందట. ఆ అమ్మ ఇప్పుడు లేదు. మొన్న తిత్లీ తుఫానుకి గిరిబాబు గారి పెరట్లోకి ఉప్పునీళ్లొచ్చి మొక్కలన్నీ మాడిపోయాయి. భావనపాడులోనూ ఏమీ మిగల్లేదట. ఇంటి కప్పు లేచిపోయినప్పుడు కూడా ఏడవని దుర్గ గారు, ఆ మల్లె మొదలు పీకేస్తుంటే కూర్చుని ఏడ్చారట. 'మీ దగ్గరున్నది దాని పిల్లే కదమ్మా, ఒక కొమ్మ నాటి తెచ్చివ్వగలరా? మా ఇంటిదానికి సెప్పను. సూసినప్పుడే తెలియాలి' అని రాశారు. పోస్టులో పంపితే బతుకుతుందో లేదో, నేనే తెస్తానన్నాను. కొమ్మ నాటాను, వేరు పట్టింది.

పిల్లలకి ట్యూషన్ లేనిది ఆదివారం ఒక్కరోజే కాబట్టి, ఎల్లుండి కాక వచ్చే ఆదివారం కళింగపట్నం వెళ్లి, అటునుంచి నీ దగ్గరికి వస్తాను. ఇలా ప్రయాణాల్లో కలుసుకునేవాళ్లకి మా ఫోరంలో కొన్ని మర్యాదలు రాసిపెట్టారు. చెప్పకుండా వెళ్లకూడదు. మన ఇంట్లోనూ, వాళ్ల ఇంట్లోనూ తెలిసి ఉండాలి. భోజనం వేళకి వెళ్లకూడదు, గంటకు మించి కూర్చోకూడదు. ఒక మొక్క పట్టుకెళ్లాలి, వచ్చేటప్పుడు ఒక కొమ్మ తెచ్చుకోవాలి. ఆ ప్రకారమే నీకు చెప్తున్నాను. మా ఆయనకీ చెప్పాను. 'వచ్చేటప్పుడు ఎండుచేపలు తే' అన్నారు, అంతే.

నీ రేఖ


నౌపడ,
13 నవంబరు 2018

చిరంజీవి మేనకోడలు రేఖకి,

ఆశీర్వాదాలు చివర రాస్తాను. ముందు తిట్లు.

కార్తీకమాసంలో మొగుడు ఎండుచేపలు అడిగితే నవ్వుకుంటూ ఉత్తరంలో రాస్తావా? మీ నాన్న ఉంటే ఇద్దరినీ గోడకుర్చీ వేయించేవాడు.

ఇక ఆ మర్యాదలు ఎవరు రాశారో గాని, వాళ్లింటికి జన్మలో చుట్టాలు వచ్చి ఉండరు. భోజనం వేళ తప్పించుకుని వెళ్లేది బాకీ వసూలుకి వెళ్లేవాడే. గంటకు మించి కూర్చోకూడదా? మన వైపు కుశలాలకే గంట పడుతుంది. ఎవరి కోడలు నీళ్లోసుకుందో, ఎవరి గేదె ఈనిందో చెప్పుకోకుండా లేచొచ్చేస్తే దాన్ని పలకరింపు అంటారా? ముక్కూ మొహం తెలియని మగవాడి ఇంటికి ఆడపిల్ల వెళ్తానంటే నేను భయపడాలి. కానీ పెళ్లాం ఏడ్చిందని మొక్క అడిగినవాడు చెడ్డవాడు కాడులే. ఆ మాట చదివాక నాకు ఆ అబ్బాయి మీద నమ్మకం కుదిరింది.

అందుకే చెప్తున్నాను, ఇప్పుడు వెళ్లకు. కార్తీకం వెళ్లాక వెళ్లు.

ఎందుకో విను. వాళ్లు సముద్రం మీద బతికేవాళ్లు. ఇంటికి మొదటిసారి మనిషి వస్తే చేప వండకుండా ఉంటారా? ఉన్నవాటిలో మంచిది ఏరి పక్కన పెడతారు. మనమేమో ఈ నెలంతా నీసు ముట్టం. నువ్వు వెళ్లి, ఆవిడ వండి వడ్డించాక, నాకొద్దండీ కార్తీకం అన్నావనుకో, వాళ్లకి ఎలా ఉంటుంది? మన ఇంటికొచ్చి అన్నం వద్దన్నట్టే. పైకి ఏమీ అనరు, లోపల చివుక్కుమంటుంది. కంచం దగ్గర పడ్డ తేడా జన్మంతా పోదు. నలభై ఏళ్లు ఆ సముద్రం పక్క పొలాల్లో బతికినదాన్ని, నాకు తెలుసు.

ఆ నెల కాస్తా గడిచాక వెళ్లు, పెట్టింది కడుపునిండా తిను, మొక్క ఇవ్వు. మొక్క ఎక్కడికీ పోదు, మనిషీ ఎక్కడికీ పోడు.

కాలి వాపు అలాగే ఉంది. ఇప్పుడు ఆశీర్వాదాలు.

సుభద్రమ్మ


విజయనగరం,
19 నవంబరు 2018

అత్తకి,

తిట్లు అందాయి. మీ అల్లుడికి చదివి వినిపిస్తే, 'ఆవిడకి చెవుడు గాని మనకి కాదు, కాస్త మెల్లగా రాయమను' అన్నారు.

నువ్వు చెప్పింది నిజమే అనిపించింది. ఈ చేప సంగతి మా ఫోరం మర్యాదల్లో ఎక్కడా లేదు. కార్తీకం వెళ్లాక వస్తానని, మా నౌపడ అత్త ఆగమందని, ఎందుకో కూడా గిరిబాబు గారికి రాశాను. ఆయన ఏదో జవాబు రాశారులే, సరదా మనిషి. పోలిపాడ్యమి మర్నాడు, డిసెంబరు తొమ్మిదో తారీకు ఆదివారం వస్తానని చెప్పేశాను.

నిజం చెప్పనా? ఈ వాయిదా నాకూ కాస్త హాయిగానే ఉంది. ఇన్నేళ్లు రాతలోనే పరిచయం. ఎరువు గురించి, చీడ గురించి పేజీలకి పేజీలు రాసుకున్నాం. ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడతాం? ఆయన గొంతు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. దుర్గ గారు ఏమనుకుంటారో. వాళ్లింట్లో తెలుసునని ఆయన అన్నారు గాని, తెలియడం వేరు, నచ్చడం వేరు కదా.

మల్లె రెండు కొత్త ఆకులు వేసింది. కుండీ మార్చాను.

రేఖ


విజయనగరం,
5 డిసెంబరు 2018

అత్తా,

గిరిబాబు గారు పోయారు. నిన్న పొద్దున్న పడవల దగ్గర చేపలకి ఐసు వేయిస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారట. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. ఫోరంలో ఎవరో రాస్తే తెలిసింది. ఎరువుల గురించి వెతుకుతుంటే మధ్యలో కనబడింది ఆ వార్త.

నీకు పోయిన ఉత్తరంలో ఒకటి రాయలేదు. కార్తీకం వెళ్లాక వస్తానంటే ఆయన ఏం జవాబిచ్చారో రాయలేదు. 'అదేటమ్మా, మా ఇంట్లో పప్పు ఉడకదనుకున్నారా? ఈ ఆదివారమే వచ్చీండి, ముద్దపప్పు, వంకాయ ఏపుడు పెడతాం' అని రాశారు. అంత బాగా పిలిచినా వెళ్లలేదు. నీ మాట పట్టుకుని కూర్చున్నాను.

మొక్క ఎక్కడికీ పోదు, మనిషీ ఎక్కడికీ పోడు అన్నావు. మొక్క ఇక్కడే ఉంది. ఇంకో చిగురు కూడా వేసింది.

నాకిప్పుడు నీ మీద చాలా కోపంగా ఉంది అత్తా. నా మీద ఇంకా ఎక్కువగా ఉంది. ఇంతకంటే రాయలేను.

రేఖ


నౌపడ,
8 డిసెంబరు 2018

తల్లీ,

ఉత్తరం అందింది. నిన్నటి నుంచి దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. పప్పు పెడతానన్నాడా ఆ అబ్బాయి! నాకు ఆ మాటే గుచ్చుకుంటోంది. వాళ్ల మనసు నొచ్చుకుంటుందేమోనని ఆలోచించాను గాని, వాళ్లే మనకోసం సర్దుకుంటారని నాకు తట్టలేదు. మర్యాద తెలుసుననుకున్నాను. పెట్టేవాళ్లకి కూడా మర్యాద ఉంటుందని మరిచిపోయాను.

నీ కోపం నాకు తగిందే. తిట్టాలనిపిస్తే తిట్టు. మాట్లాడటం మానకు.

ఒక్కటే అడుగుతాను. తొందరపడి అక్కడికి వెళ్లకు. కొద్దిగా ఆగు.

సుభద్రమ్మ


విజయనగరం,
10 డిసెంబరు 2018

అత్తా,

మళ్లీ ఆగమంటున్నావా? ఇప్పుడు ఏ మాసం వెళ్లాలి?

ఈ ఆదివారం, పదహారో తారీకున వెళ్తున్నాను. నువ్వు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే. ఎలా వెళ్లాలో మాత్రం చెప్పు, ఎందుకంటే నాకు ఏమీ పాలుపోవడం లేదు.

మా ఫోరం మర్యాద ప్రకారం మొక్క పట్టుకెళ్లాలి. చావింటికి ఏదీ పట్టుకెళ్లకూడదు. మా వాళ్లు ఒక కొమ్మ తెచ్చుకోమంటారు. చావింటి నుంచి పుల్ల కూడా తెచ్చుకోకూడదు. వస్తున్నట్టు ముందుగా చెప్పమంటారు. ఎవరికి చెప్పను, చెప్పాల్సిన మనిషే లేడు. ఫోరంలో అడిగితే అందరూ పువ్వుల బొమ్మలూ, దండం పెట్టే చేతుల బొమ్మలూ పెట్టారు గాని, ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు. పాపం, వాళ్లకి మాత్రం ఏం తెలుసు.

అన్నిటికంటే నా భయం వేరే. మొగుడు పోయి వారం కాలేదు. విజయనగరం నుంచి ఎవతో ముక్కూ మొహం తెలియని ఆడది వచ్చి ఆ గుమ్మంలో నిలబడి ఏడిస్తే, వాకిట్లో కూర్చున్న నలుగురూ ఏమనుకుంటారు? దుర్గ గారు ఏమనుకుంటారు? ఉన్న దుఃఖం చాలక నా వల్ల ఆవిడకి ఇంకో అనుమానం పుడితే? అలాగని వెళ్లకపోతే, ఆ మొక్క ఆవిడకి చేరదు. అది నా దగ్గర పెరిగితే నాకు అన్నం సయించదు. అది ఆవిడ అమ్మది అత్తా.

రేఖ


నౌపడ,
13 డిసెంబరు 2018

ఒసే రేఖా,

పక్కింటి సోములు పనిమీద విజయనగరం వస్తున్నాడు. పోస్టును నమ్ముకోకుండా ఇది వాడి చేతికిస్తున్నాను. పూర్తిగా చదివేదాకా కళింగపట్నం బస్సెక్కకు.

నిన్న నేను వెళ్లొచ్చాను.

గాభరా పడకు. కాలు బాగానే ఉంది, చెప్పుల్లో పట్టకపోతే గుడ్డ చుట్టుకుని వెళ్లాను. టెక్కలిలో ఒక బస్సు, శ్రీకాకుళంలో ఇంకో బస్సు. నిన్ను ఆగమన్నది ఇందుకే. ఒక ఇంటి గడప మొదటిసారి తొక్కేది చావు పలకరింపుకి కాకూడదని మా అమ్మ అనేది. ఆ అడుగేదో నేను వేసేస్తే, మన ఇంటి నుంచి పెద్దది వచ్చి పలకరించి వెళ్లినట్టు అవుతుంది. రేపు నువ్వు వెళ్లేది పలకరింపుకి కాదు, మొక్క ఇవ్వడానికి. నీ చేతిలో మొక్క ఉన్నా తప్పు లేదు. తలనెరిసినదాన్ని ముందు చూశారు కాబట్టి నిన్ను చూసి ఎవరూ ఏమీ అనుకోరు. వద్దని నిన్ను ఆపింది నేను, దారి వెయ్యాల్సిందీ నేనే.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కప్పు మీద ఇంకా టార్పాలినే ఉంది. లోపల చాప మీద దుర్గ, పక్కన అత్తగారు దేముడమ్మ. "విజీనారం రేఖకి మేనత్తనమ్మా" అన్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసు కదా, నాకు వినబడదు కాబట్టి లోకానికీ వినబడదనుకుంటాను. వీధి వీధంతా తిరిగి చూసింది.

దుర్గ తలెత్తి నన్ను చూసింది. "నౌపడ అత్తా? కార్తీకంలో సేప తినరని ఆగమన్నది మీరేనా?" అని గట్టిగానే అడిగింది. అవునమ్మా, నేనే అన్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను కూడా. ఆ పిల్ల నా చెవి దగ్గరకొచ్చి ఏం చెప్పిందో తెలుసా? "ఆయన ఆ మాట నాకు సదివి ఇనిపించి నవ్వాడమ్మా. సేప వాసనని ముక్కు మూసుకునీవోళ్లని సూశాం గానీ, తినకపోతే మన మనసు నొచ్చుకుంటాదని ఆలోసించినోళ్లని ఇప్పుడే సూస్తన్నాం, అన్నాడు. ఏ ఊరోళ్లో గాని మంచోళ్లే అన్నాడు."

అప్పుడు ఏడ్చాను. పలకరించడానికి వెళ్లినదాన్ని, ఆవిడ చేతే ఓదార్పించుకున్నాను.

నీ భయం ఉంది కదా, దానికీ జవాబు తెచ్చాను. నీ పేరు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "ఆ మొక్కలోళ్ల గొడవ నాకు తెల్దేటి? సెల్లు ఒళ్లో పెట్టుకుని రేఖమ్మ ఇలా రాసింది, రేఖమ్మ అలా రాసింది అని సదవడమే. రేఖమ్మ సెప్పిందని బియ్యం కడుగు నీళ్లు పారబోయనిచ్చీవోడు కాదు" అంది. దేముడమ్మ కూడా అవునని తలూపింది.

తర్వాత నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. తుఫాను ఊడ్చేసిన పెరడు, ఎటు చూసినా ఇసుక. మధ్యలో ఒకే ఒక్క థర్మాకోల్ పెట్టె. నిండా నల్లమట్టి, తడిగా ఉంది. మొలక లేదు, మొక్క లేదు. "విజీనారం నుంచి ఒకటి వస్తాది, ఈ మట్టి ఆరనీకు అన్నాడమ్మా. ఏటొస్తాదో సెప్పలేదు. పొద్దున్నే ఒక సెంబుడు పోస్తన్నాను. మైలలో మొక్క ముట్టకూడదని మా అత్త అంటాది. మొక్కెక్కడుంది, మట్టే కదా అని పోస్తన్నాను" అంది.

"ఏటి తెస్తారమ్మా, మీకు తెల్సా?" అని అడిగింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ చూసినప్పుడే తెలియాలన్నాడు కదా ఆ అబ్బాయి. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏటన్నావమ్మా?" అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ "ఏటీ?" అన్నాను. పాపం, ఈ ముసలిదానికి వినబడదులే అని వదిలేసింది. నా చెవుడు ఇన్నాళ్లకి ఒక మంచి పనికి అక్కరకొచ్చింది.

ఇప్పుడు నువ్వు ఇంకో అనుమానం పెట్టుకుంటావని నాకు తెలుసు. భర్త పోయిన మనిషికి మల్లెమొక్క ఇవ్వొచ్చా అని. మీ మావయ్య పోయాక నేను తలలో పూలు పెట్టుకోవడం మానేశాను గాని, మల్లెపాదుకి నీళ్లు పోయడం ఒక్కరోజూ మానలేదు. దాని వాసనకి నాకు ఎన్నిసార్లు ఊరట కలిగిందో ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను. అయినా అది మొగుడిచ్చిన మొక్క కాదు, అమ్మ ఇచ్చిన మొక్క. పూలు పెట్టుకుంటుందో, దేవుడికి పెడుతుందో, చెట్టుకే వదిలేస్తుందో, అది ఆవిడ ఇష్టం. దానిలో నువ్వూ నేనూ మర్యాదలు చెప్పక్కర్లేదు.

పెద్దకర్మ రేపు. అది కాగానే వెళ్లు. ఆ వెంటనే ధనుర్మాసం వస్తుంది, కొత్త పనులు పెట్టుకోకూడదని ఎవరైనా అంటే నా పేరు చెప్పు. సరిగ్గా భోజనం వేళకే వెళ్లు. పప్పు పెడితే పప్పు తిను, చేప పెడితే చేప తిను, ఏమీ వండుకునే ఓపిక వాళ్లకి లేకపోతే నువ్వే పొయ్యి దగ్గర కూర్చో. గంట గంట అని గడియారం చూడకు. మీ వాళ్ల మర్యాదల్లో ఒకటి మాత్రం నాకు నచ్చింది, వచ్చేటప్పుడు ఒక కొమ్మ తెచ్చుకోమన్నది. ఇప్పుడు వాళ్ల దగ్గర కొమ్మ లేదు. ఆ మల్లె పెరిగాక తెచ్చుకుందువు గాని, దానికోసం మళ్లీ మళ్లీ వెళ్లాలి.

ఇక నేను చేసొచ్చిన నిర్వాకం చెప్తాను. మన ఊళ్లో ఎవరింట చావు జరిగినా, పిల్లల్ని పక్కకి పిలిచి, 'చావింట్లో వెళ్లొస్తానని అనకండర్రా, చెప్పకుండా లేచి వచ్చెయ్యండి' అని నేర్పేది నేనే కదా. ఆ మాటంటే ఇంకో చావుకి వస్తామన్నట్టేనని జుట్టు నెరిసేదాకా నేర్పుతూనే ఉన్నాను. నిన్న గడప దాటాను. కాలికి చుట్టిన గుడ్డ సరిచేసుకుంటూ వెనక్కి చూస్తే గుమ్మంలో దుర్గ నిలబడి ఉంది. అంతే, "ఎల్లొస్తానమ్మా" అనేశాను. అదీ నా గొంతుతో. వాకిట్లో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి మాటలాపేశారు. దేముడమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, నాకూ వినబడేంత గట్టిగా, "అదేటి మాటమ్మా, సావింట్లోన?" అంది. నాకు భూమిలోకి వెళ్లిపోవాలనిపించింది.

దుర్గ అత్తగారి భుజం పట్టుకుంది. "ఊరుకో అత్తా, ఈల్లు వస్తారని ఆయన సెప్పాడు కదా" అంది. తర్వాత మెట్టు దిగి నా దాకా వచ్చి, నాకు బాగా వినబడేలా ఇంకా గట్టిగా, "రండమ్మా. మీరొచ్చీదాకా మట్టి ఆరనీను" అంది.

చావింట్లో మాటిచ్చి వచ్చాను రేఖా. ఆగకు. తొందరగా వెళ్లు.

మీ అత్త
సుభద్రమ్మ